చిలక దగ్గర దాచిన పేరు

ఆ అడవిలో ఎవరి గూడు ఎక్కడో ఎవరికీ తెలియదు. వెతికేవాళ్లు గూటి పేరు చెబితే, పేర్లు కాపాడేవాళ్లు దారి చూపిస్తారు.

పిగిలిపిట్ట తన గూటికి వెన్నెలకొమ్మ అని పేరు పెట్టుకుంది. వలస పోతూ దాని నేస్తం వంగపండు పిట్ట, "తొలకరికి వస్తా, వెన్నెలకొమ్మ ఎక్కడని అడుగుతా" అన్నాడు. ఆ మాటే తలుచుకుంటూ పిగిలిపిట్ట ఆ పేరు దాచడానికి బయల్దేరింది.

పేర్లు కాపాడే తాబేలు తాత నింపాదిగా, "రహస్యపు గుర్తొకటి నా చెవిలో చెప్పు. ఏం మార్చాలన్నా నువ్వే వచ్చి ఆ గుర్తు చెప్పాలి" అన్నాడు. పిట్టకి ఆవలింత వచ్చింది. తనూ పేర్లు కాపాడే చిలక కొమ్మ మీంచి, "ఎంత తియ్యటి పేరమ్మా! నాకివ్వు, పొద్దస్తమానం పలుకుతా" అంది. పిట్ట మురిసిపోయి పేరూ, గుర్తూ రెండూ చిలక చెవిన వేసింది.

చిలక రెండూ పలికింది. కింద జెముడుకాకి వింది. పక్క గూళ్లకు వచ్చే చుట్టాలు తెచ్చే పళ్ల మీద దానికి ఎప్పటినుంచో ఆశ.

తొలకరి వెళ్లిపోయింది. నేస్తం రాలేదేమని పిట్ట చిలకనడిగింది.

"వచ్చాడుగా! కాకి గూటికి పంపించా. నువ్వు లేవని కాసేపు కూర్చుని ఎగిరిపోయాడట."

"అది నా పేరు కదే!"

"గుర్తు చెప్పినవాళ్లదేనమ్మా పేరు. కాకి చెప్పింది, గుర్తు కూడా మార్చేసుకుంది."

పిట్ట వెళ్లి తాబేలు ముందు వాలింది. తాత తిట్టలేదు. "పోయిన పేరు తేలేను తల్లీ. కొత్తది పెట్టుకో, ప్రాణంలా కాపాడతా."

పిట్ట చాలాసేపు ఆలోచించి ఒక పేరు చెప్పింది. గుర్తు తాత చెవిలో చెప్పింది.

"ఇక ఎవరడిగినా నీ గూడే చూపిస్తా" అన్నాడు తాత.

"ఎవరడుగుతారు తాతా? ఈ పేరు వాడికి తెలియదుగా."