ఒడిలో తిన్న రొట్టె

“బాబూ, నువ్వటు జరిగితే నేనిక్కడ కూర్చుంటాను.”

రైలు పెట్టెలో సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా చిన్న స్టేషన్లో రైలెక్కిన ఆ ముసలావిడ వచ్చి వచ్చి ఒక బస్సు డ్రైవరూ, అతని భార్యా కూర్చున్న చోటే ఆగింది.

డ్రైవరు నవ్వుతూ లేచి, ఎదురు సీట్లో ఉన్న భార్య పక్కకి మారాడు. బస్సు నడిపే మనిషి, ఎక్కినవాళ్ళకి చోటు చూపించడం అతనికి అలవాటే.

భార్యకి మాత్రం ఒళ్ళు మండింది. ఆమె టైలరు. మనిషిని చూస్తే చాలు, కళ్ళతోనే కొలతలు తీసుకుంటుంది. అలాంటిది ఇవాళ ఎదుటి మనిషే తనని తల నుంచి కాళ్ళ దాకా కొలిచేస్తోంది!

“ఏమిటండీ ఆవిడ, అలా కళ్ళప్పగించి చూస్తోంది?” అని మొగుడి చెవిలో గొణిగింది.

“నీ అందానికి మతిపోయుంటుంది.”

“మీ వేళాకోళం మీరూ!”

అసలే ఆమెకి ఈ ప్రయాణం బెంగగా ఉంది. పోయిన సెలవుల్లో అతను తన వాళ్ళ ఊళ్ళన్నీ తిప్పి చూపించాడు. తాత కట్టిన పడవ, నాన్న ఈత నేర్చుకున్న ఏరు, మేనత్త చేతి చేపల వేపుడు.

“ఇక నీ వంతు,” అన్నాడు.

తన వంతుకి ఏముంది? పసితనంలోనే ఊరు వదిలేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి అమ్మ పోయింది. అతనికి చూపించడానికి మిగిలింది ఒక్కటే. అమ్మమ్మ ఒడిలో కూర్చుని తిన్న ఉల్లిపాయ రొట్టె. అంచు కాస్త మాడి, లోపల తియ్యగా ఉండే రొట్టె. అమ్మమ్మ ఎలాగూ లేదు. ఆ చేతి రుచి ఊళ్ళోనే ఉన్న పిన్నికైనా వచ్చి ఉండకపోతుందా అని బయల్దేరింది. అదీ లేకపోతే తనకంటూ ఏమీ లేనట్టేనని ఆమె దిగులు.

ముసలావిడ సంచిలోంచి మూత బిగించిన డబ్బా తీసింది.

“ఇంద తల్లీ, తిను. పొద్దున్నే చేశాను.”

“వద్దండీ. ఇప్పుడే తిన్నాం.”

పచ్చి అబద్ధం. రైల్లో కొత్తవాళ్ళు పెట్టింది తినకూడదని ఆమె పట్టుదల.

“చిన్నప్పుడూ తిండికి ఇలాగే మారాం చేసేదానివా?”

“లేదండీ,” అంది టైలరు, ముక్తసరిగా. “మా అమ్మమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెడుతుంటే మారుమాట్లాడకుండా తినేదాన్ని. ఇప్పుడావిడ లేదు.”

ముసలావిడ కిటికీ వైపు తిరిగి అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మొహం వెలిగిపోతోంది.

“అమ్మమ్మంటే అంత ఇష్టమా?”

“ఇష్టమేమిటండీ! ఈయన్ని ఇంత దూరం లాక్కొస్తున్నది ఆవిడ కోసమే.”

“చాలమ్మా,” అంది ముసలావిడ. “చాలు.”

ఏం చాలో టైలరుకి అర్థం కాలేదు. అడగాలనీ అనిపించలేదు.

తర్వాతి స్టేషన్లో ముసలావిడ లేచి, డబ్బా డ్రైవరు చేతిలో పెట్టింది.

“నువ్వైనా తిను బాబూ. పిల్లని జాగ్రత్తగా చూసుకో.”

“హమ్మయ్య, దిగింది!” అంది టైలరు.

ఊళ్ళో పిన్ని వీళ్ళ కోసం ఉల్లిపాయ రొట్టెలు కాలుస్తూనే ఉంది. వెళ్ళగానే వేడివేడిగా పెట్టింది. టైలరు ఆత్రంగా ఒక ముక్క నోట్లో వేసుకుంది. మెత్తగా ఉంది, రుచిగానే ఉంది. కానీ అది కాదు.

“బాగుంది పిన్నీ,” అంది. మొగుడి మొహంలోకి చూడలేకపోయింది.

డ్రైవరుకి సంగతి తెలిసిపోయింది. మాట మార్చాలని సంచిలోంచి డబ్బా బయటికి తీశాడు.

“ఆ పెద్దావిడ ఏం పెట్టిందో చూద్దామా? మత్తుమందు కలిపుంటే హాయిగా ఇక్కడే నిద్రపోవచ్చు.”

మూత తీశాడు. మాడిన ఉల్లిపాయ వాసన గుప్పుమంది.

టైలరు చప్పున ఒక ముక్క తుంచుకుంది. నమిలింది. కళ్ళు మూసుకుంది. బుగ్గల మీద నీళ్ళు జారాయి.

“ఇదేనండీ! తినండి, ఇదే!” అంటూ తన చేత్తో అతని నోట్లో పెట్టింది.

“దీని ముందు మా మేనత్త వేపుడు బలాదూరు!” అన్నాడు డ్రైవరు, నోటినిండా రొట్టెతో.

“ఎవరో ఏమో, ఆ మహాతల్లి చల్లగా ఉండాలి. నేనేమో మొహం తిప్పుకుని కూర్చున్నాను. ఒక్క మంచి మాటైనా అన్నాను కాదు.”

పిన్ని డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తనకి బాగా తెలిసిన డబ్బానే.

“అమ్మో, ఈవిడ మొండితనం! రైలే ఎక్కేసిందా! మీ పెళ్ళి ఫోటో చూపించి, ఫలానా రైలుకి వస్తున్నారని చెప్పాను. ‘దానికి నేను గుర్తుండను, దూరం నుంచి చూసుకుంటాలే’ అంది.”

“ఎవరు పిన్నీ ఆవిడ?”

“అప్పట్లో మన పక్కింటావిడ. ఇప్పుడు వేరే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటోంది. మీ అమ్మ పనికి వెళ్తే నువ్వు పొద్దస్తమానం వాళ్ళింట్లోనే కదే!”

“కాదు పిన్నీ. నేనుండేది అమ్మమ్మ దగ్గర. ఈ రొట్టె పెట్టింది అమ్మమ్మ.”

పిన్ని ఆమెని వింతగా చూసింది. తర్వాత దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

“పిచ్చిదానా, మా అమ్మ నువ్వు పుట్టకముందే పోయింది. నువ్వెరిగిన ఒడి ఆవిడదేనే.”