మంత్రిగారి ఎక్కిళ్లు

ఇంగ్లీషు పట్టణం క్రోయిడన్ కౌన్సిల్‌కు కొత్తగా ఎన్నికైన లాయర్ వర్షిత, తొలి ప్రసంగానికి ముందు వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది.

“నోరు పెగుల్తలేదు అమ్మమ్మా! ముత్తాత వకీలు పని వదిలి నిజాం మీద తుపాకి పట్టిండు, మంత్రయిండు. ఆయనకు భయమే తెల్వదు గదా?”

అమ్మమ్మ బాలమణి కిసుక్కున నవ్వింది.

“మా నాయనకా? మంత్రిగా మొదటి సభల నోరు తెరిచిండో లేదో ఎక్కిళ్లు మొదలైనయ్. పది నిమిషాలు ఎక్కిళ్లే!”

“అబద్ధం!”

“నేను ముందు వరసలనే ఉన్న. ‘దీనికన్న తుపాకి ముందర నిలబడుడే నయం బిడ్డా’ అన్నడు ఇంటికొచ్చి.”

వర్షిత పగలబడి నవ్వింది. ఇన్నాళ్లూ ఫొటోలో చూసిన వీరుడు మొదటిసారి తన మనిషిలా అనిపించాడు.

లోపల పేరు పిలిచారు. నవ్వు ఆగకుండానే వెళ్లి మైకు ముందు నిలబడింది.

ఆమె నోరు తెరవకముందే, గ్యాలరీలో చేరిన బాలమణి చప్పట్లు కొట్టేసింది.