ఒంటిచేత్తో ఎక్కించాలి

“ఆ కొక్కెం ఇంకొంచెం ముందుకి జరుపు. పట్టీ వెనక్కి లాగితే చక్రం చట్రంలో నిలబడదు,” అన్నాడు నెవిల్, మడత కుర్చీలోంచి లేవకుండానే.

“కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అన్నీ బాగానే కనిపిస్తాయి,” అంది ట్రైలర్ లోపలినుంచి అతని భార్య కోరలీ. విసుక్కుంది గానీ, కొక్కెం విప్పి జానెడు ముందుకి బిగించింది.

నెవిల్ గడియారం చూసుకున్నాడు. బండి కొనడానికి ట్రెంట్ అనే కుర్రాడు అడిలైడ్ నుంచి పొద్దున్నే బయల్దేరాడు. భోజనాల వేళకి బ్రోకెన్ హిల్ చేరతానని ఫోన్లో చెప్పాడు.

మట్టి ట్రాక్ మీద పరుగెత్తే పాతకాలం మోటార్ సైకిల్ అది. నెవిల్ విప్పి బిగించని నట్టు అందులో ఒక్కటీ లేదు. పోయిన చలికాలంలో అతని తుంటి కీలు మార్చారు. ఇక బరువులు తొయ్యొద్దన్నాడు డాక్టరు. బండిని ట్రైలర్‌లోకి ఎక్కించాలంటే ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు తొయ్యాలి. వెళ్ళిన ప్రతిచోటా వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలుకోవడం తన వల్ల కాదని నెవిల్ తేల్చేశాడు. నెలంతా పోట్లాడుకుని చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. కొనేవాడు బండి తీసుకెళ్ళేలోగా కోరలీ ఒంటిచేత్తో బండిని ఎక్కించి కట్టగలిగితే ఆదివారం మిల్డూరా రేసుకి వెళ్తారు. లేకపోతే అమ్మేస్తారు.

కొత్త ట్రైలర్ కొనే తాహతు వాళ్ళకి లేదు. ఇది ఒకప్పుడు వీధివీధీ తిరిగి కుక్కలకి స్నానం చేయించిన ట్రైలర్. దాని యజమాని వ్యాపారం మానేసి కారుచౌకగా వదిలించుకుంది. కోరలీ అందులోని తొట్టి పీకేసింది. గనిలో పారేసిన కన్వేయర్ బెల్టు రబ్బరు తెచ్చి నేలకి పరిచింది. పాత మంచం ఇనుముతో ముందు చక్రం ఇరికేలా చట్రం చేసింది. ఎవరిదో పాడైన పడవ ట్రైలర్ నుంచి బరువులు తాడుతో లాగే కరెంటు వించి ఊడదీసి ముందు గోడకి బిగించింది. పెట్రోలు ఆవిరి నిలవకుండా పక్కలకి కన్నాలు కోసింది. ఎంత కడిగినా కుక్కల షాంపూ వాసన మాత్రం పోలేదు.

ఇవన్నీ చూస్తూ నెవిల్ ఒక సంగతి లోపలే దాచుకున్నాడు. ఈ పని కుదరకపోతే బాగుండునని అతనికి ఉంది. పోయిన ఏడాది మూడో మలుపులో బండి పడింది. దుమ్ములో కాసేపు ఏమీ కనిపించలేదు. ఆ కాసేపటిని తలుచుకుంటే ఇప్పటికీ అతనికి నిద్ర పట్టడం లేదు.

“భయమేస్తోందా?” అంది కోరలీ, అతని మొహం చూసి.

“ఊఁ.”

“ఇన్నేళ్ళకా?”

“ఇన్నేళ్ళూ.”

ఆమె ట్రైలర్ దిగింది. బండిని వాలుబల్ల దగ్గరికి నడిపించుకొచ్చి వించి తాడు తగిలించింది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో వించి మీట నొక్కింది. తాడు బిగిసి, బండి మెల్లగా పైకి పాకింది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు కారు ఆగింది. ట్రెంట్ దిగాడు.

అదే క్షణాన వించి ఆగిపోయింది. కోరలీ మీట మళ్ళీ నొక్కింది. చప్పుడు లేదు. బండి సగం వాలులో నిలిచిపోయి పక్కకి ఒరగసాగింది. ఆమె నడుము ఆనించి కాచుకుంది.

ట్రెంట్ పరుగెత్తుకొచ్చాడు. “ఉండండమ్మా, నేను పడతాను.”

“ముట్టుకోకు బాబూ. నువ్వు ముట్టుకుంటే నేను ఓడిపోయినట్టే.”

ఏమైందో నెవిల్‌కి కుర్చీలోంచే కనిపిస్తోంది. ట్రైలర్‌ని లాగే పికప్ వ్యాను నుంచి దానికి కరెంటు ఇచ్చే వైరు ప్లగ్గు ఊడి వేలాడుతోంది. ఆమె ఉన్నచోటికి అది కనపడదు. బండిని వదిలి చూడ్డానికి రాలేదు. నెవిల్ నోరు మూసుకుని కూర్చుంటే చాలు, మరికాసేపట్లో ఆమె చేతులు వాటంతటవే ఓడిపోతాయి. ఇంక ఏ ఆదివారమూ భయపడక్కర్లేదు.

కోరలీ అతనివైపు చూడలేదు. పళ్ళు బిగించి బండినే చూస్తోంది.

నెవిల్ తనని తాను తిట్టుకుంటూ లేచాడు. కర్ర ఊతంగా కుంటుకుంటూ వెళ్ళి ప్లగ్గు నొక్కాడు. వించి మూలిగి తిరిగింది. బండి ఎక్కింది, చక్రం చట్రంలో ఇరుక్కుంది. ఆమె పట్టీలు బిగించి హ్యాండిల్ పట్టి ఊపింది. ట్రైలర్ మొత్తం ఊగింది గానీ బండి కదల్లేదు.

“సాయం చేశావుగా,” అంది ఆయాసపడుతూ.

“ప్లగ్గు పెట్టడం ఎక్కించడం కిందకి రాదు.” నెవిల్ ట్రెంట్ వైపు తిరిగాడు. “అమ్మడం లేదబ్బాయ్. అంతదూరం వచ్చావు, భోంచేసి వెళ్ళు.”

ట్రెంట్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. “ఈ వయసులో ఇంకా రేసులేంటి పెద్దాయనా? పడితే ఎముకలు అతుక్కోవు.”

“రోజూ నేననేదీ అదే.”

“అంటూనే ఉంటాడు,” అంది కోరలీ చేతులు తుడుచుకుంటూ. “వినేవాళ్ళేరీ?”

ఆదివారం మిల్డూరాలో ట్రైలర్ తలుపు తీస్తే బండి కట్టినచోటే నిలబడి ఉంది. “కుక్కపిల్లని తెచ్చావా నెవిల్?” అన్నాడు పక్కవాడు ముక్కు మూసుకుని. నెవిల్‌కి నవ్వు రాలేదు. ప్రతి నట్టూ మళ్ళీ తడిమి చూశాడు. పెట్రోలు పోస్తుంటే కొంత నేల మీద ఒలికింది.

అరవై దాటినవాళ్ళ పందెం మొదలవుతోందని మైకులో పిలిచారు.

“ఇంకా మించిపోయింది లేదు. ఇంటికి పోదాం,” అన్నాడు.

“నోర్మూసుకో ముసలోడా,” అంది కోరలీ, అతని భుజం నిమిరి.

నెవిల్ హెల్మెట్ తీసి కోరలీ తలకి తొడిగాడు.