ఫిరంగి పక్కన

"సిరియాలో మీ దగ్గర్లో బాంబులేమైనా పేలాయా?" అడిగింది డాక్టరు.

"ఒక్కటీ లేదు. పేల్చిందంతా మేమే," అన్నాడు సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేసి వచ్చిన వెండెల్.

"ఫిరంగి పక్కనే నిలబడేవారా?"

"ఇంట్లో కూర్చుని పేల్చలేం కదండీ."

డాక్టరు నవ్వలేదు. పేల్చిన ప్రతిసారీ ఆ అదురు అతని మెదడుకూ తగిలిందనీ, ఈ కోపం, మతిమరుపు అందువల్లేననీ చెప్పింది.

బయటికొచ్చాక భార్య మార్లిస్ అడిగింది: "క్రిస్మస్ నాడు నా మీదికి పళ్లెం ఎందుకు విసిరావు?"

"ఏ పళ్లెం?"

అతని ముఖంలోకి చూసింది. దాస్తున్నట్టు లేదు. అతను సారీ చెబుతాడని చలికాలమంతా చూసి చూసి, అతన్ని వదిలి వెళ్లిపోదామని నిన్ననే ఆమె పెట్టె సర్దుకుంది.

"నేనెప్పుడు విసిరాను?" అన్నాడు వెండెల్ భయంగా.

"ఇంటికెళ్లి చెబుతాలే. కారు తాళాలివ్వు, నేను నడుపుతాను."