ఒంటిగంట ఎండ

అనంతపురంలో ప్రతి మిద్దె మీదా సోలార్ పలకలు వెలిసిన కాలమది. మగ్గాల వీధివాళ్లు రోజూ ఒంటిగంటకు ఫ్యాన్లు ఆపేసి, ఆ గంట కరెంటు అమ్మిన డబ్బును చదువుల నిధికి వదిలేవారు.

ఇంటర్‌తో చదువు ఆపేసిన లిఖిత, నర్సు చదువుకు సాయమడిగి వారమైంది. ఆమెది రేకుల ఇల్లు, పలకల్లేవు. ఏమీ ఇవ్వనిదానికి ఎవరిస్తారని ఒకటే గుబులు.

ఆ మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే నిధి పెద్ద ఖైరున్నీసా చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"నీకే వచ్చింది మే."

"నేనేమిచ్చినానని, పెద్దమ్మా?"

"ఇచ్చినోళ్లకే ఇచ్చేకి ఇదేమన్నా చీటీనా? సోమవారం నుంచి కాలేజీకి పో."

"మరి నా పాప?"

"మా ఇంట్లో ఇడిసిపో. నా మనవడి జుట్టు పీకేకి ఒకరు కావల్ల."

లిఖిత పాపనెత్తుకుని వాకిట్లోకి వచ్చింది. వీధి పొడవునా అరుగుల మీద జనం అట్టముక్కలతో విసురుకుంటూ, ఎండను తిట్టుకుంటూ కూర్చున్నారు. తనను చదివించేది వాళ్లలో ఎవరి కరెంటో తెలియక, అందరికీ దండం పెట్టింది.