నల్ల అంచు

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద శ్రీహరి పాత పుస్తకాలు పరుస్తుండగానే, మృదుల తన ‘ఎలక్ట్రానిక్స్ మొదటి భాగం’ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అంకుల్, ఇది తీస్కోండ్రి. ఇంజనీరింగ్ బంజేస్తున్న."

"ఎందుకు బిడ్డా?"

"నాకు దిమాగ్ లేదు. క్లాసుల అందరికి ఒక్కసారికే సమజైతది. నేను ఒక్కో లెక్క నాలుగుసార్లు చెయ్యాలె."

శ్రీహరి ఓదార్చలేదు. పుస్తకం మూసి, పేజీల అంచును వెలుతురుకి పట్టాడు. చేతులు తగిలి అంచు ఎంతవరకు నల్లబడిందో చూశాకే ఆయన ఏ పుస్తకానికైనా ధర చెబుతాడు.

"ఇది నేను కొనను."

"ఏమైంది అంకుల్?"

"మొత్తం ఖరాబైంది."

పక్కనున్న కట్టలోంచి అదే పుస్తకం ప్రతులు మూడు తీసి, దాని పక్కన పెట్టాడు. మూడింటికీ మొదట్లో వేలెడు మందమే నలుపు. మిగతాదంతా తెల్లగా ఉంది.

"గివి చూడు. ఒక్కసారికే సమజైనోళ్లవి గావచ్చు. రెండు పాఠాలు చదివి అమ్మేసిన్రు. కొత్తగున్నయ్, మంచిగ పోతయ్. నీది ఆఖరి పేజీ దాక నల్లగైంది. గిది ఎవరు కొంటరు?"

మృదుల నాలుగు పుస్తకాల అంచులనూ కాసేపు చూసింది. తనది తీసి సంచిలో పెట్టుకుంది.

"అంకుల్, దీని రెండో భాగం ఉన్నదా?"

"ఉన్నది. దాన్ని ఇంతవరకు ఎవరూ ముట్టలె."

శ్రీహరి కట్ట అడుగు నుంచి పుస్తకం లాగి, దుమ్ము దులిపి, ఇవ్వబోయి ఆగాడు.

"ముందే చెప్తున్న బిడ్డా. నీకిచ్చినంక వాపస్ తీస్కోను."