సలహాల సారు

సలహాల సారు అరలోంచి ఒక గాజు ట్యూబు తీసి లైటుకేసి పట్టుకుని చూశాడు. లోపల వేలెడంత చిలగడదుంప మొక్క.

“వీటినింకా మేపుతున్నారా?” అన్నాడు.

డైరెక్టరు తప్పు చేసినవాడిలా నవ్వాడు. ఆ గది చూసుకునే ఆవిడకు ఒళ్లు మండింది. ఆ దుంపల పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను ట్యూబుల అక్క అంటారు. ఆయన చేతిలోంచి ట్యూబును లాక్కున్నట్టే తీసుకుని, మళ్లీ అరలో పెట్టింది.

గది నిండా అలాంటి ట్యూబులే. ఎన్నో దేశాల పొలాల్లోంచి తెచ్చిన దుంప రకాలు. వాటిలో చాలావాటికి ఇప్పుడు బయట పొలమే లేదు. మొక్క ట్యూబు నిండా పెరగగానే చిన్న ముక్క కోసి కొత్త ట్యూబులోకి మార్చాలి. మార్చకపోతే వాడిపోయి చచ్చిపోతుంది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అక్క చేస్తున్నది అదే. పిల్లల పుట్టినరోజులు మరిచిపోయిందేమో గానీ, ఈ పని ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఇప్పుడు కేంద్రం దగ్గరున్న డబ్బు ఒక్కదానికే వస్తుంది. ఈ గదినైనా నడపాలి, లేదా దీన్ని ఖాళీ చేసి జన్యువులు మార్చే కొత్త ల్యాబైనా పెట్టాలి. ఏది చెయ్యాలో చెప్పడానికి సలహాల సారు విమానం దిగాడు. వ్యవసాయ పరిశోధనకు బయోటెక్నాలజీ వ్యూహం చెప్పడంలో ప్రపంచంలో ఆయన్ని మించినవాడు లేడట. ఆ సంగతి చెప్పింది కూడా ఆయనే. మట్టి ముట్టుకుని ఎన్నేళ్లయిందో గానీ, ఏ దేశంలో ఏ పంట ఉండాలో ఏది పోవాలో కుర్చీలోంచి కదలకుండా చెప్పేస్తాడు. ఆయన రాసిచ్చిందే డైరెక్టరుకు శాసనం.

అక్క ఆశంతా పరిశోధన విభాగానికి ఈమధ్యే హెడ్‌గా వచ్చిన మేడం మీద. “గది సంగతి నాకొదిలెయ్యమ్మా” అని మేడం నిన్ననే మాటిచ్చింది.

మీటింగు మొదలైంది. సారు తెర మీద బాణాలూ వలయాలూ ఉన్న బొమ్మ వేశాడు. దుంపల కేంద్రానికి తెచ్చిన ఆ బొమ్మ మూలన గోధుమ కంకి ఒకటి అలాగే ఉండిపోయింది. పోయిన నెల ఏ గోధుమల వాళ్లకు చూపించాడో. ఒక్కరూ నవ్వలేదు. నవ్వడానికి అక్కడ ఎవరికీ ధైర్యం లేదు.

“ఆ ట్యూబులు చూశాను. నా ఉద్దేశం మీకు అర్థమయ్యే ఉంటుంది. మరి మేడంగారేమంటారు?”

మేడంగారు అన్నప్పుడు ఆయన మూతి వంకర తిరిగింది.

మేడం లేచి నిలబడింది. “ఆ గది మూసెయ్యాలండీ,” అంది.

గోడవారగా కూర్చున్న అక్క కుర్చీలోంచి సగం లేచింది.

“ఎంతకాలం ఈ పాత రకాల్ని పట్టుకు వేళ్లాడతాం? నాకు కొత్త ల్యాబు కావాలి, ఈ ఏడాదే కావాలి. దీనికోసం ఎన్నాళ్లుగా కలలు కంటున్నానో మీకు తెలీదు. ఈ ఒక్కసారికి కాదనకండి.”

సారు ఏదో చెప్పబోయి ఆగాడు. “మేడంగారికి మొదట్నుంచీ తొందరెక్కువ. మెరిసేదల్లా కావాలి.”

“ఇందులో తొందరేముంది? మీరూ అదే చెప్పబోతున్నారుగా!”

“నేనేం చెప్పబోతున్నానో మీరు చెప్పక్కర్లేదు. కొత్త ల్యాబు పెట్టి కొత్త జన్యువు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆకాశంలోంచా? ఆ ట్యూబుల్లోంచేగా?”

మేడం బతిమాలింది. బల్ల గుద్దింది. చివరికి కళ్లు కూడా ఒత్తుకుంది. ఆమె ఎంత గట్టిగా అడిగితే ఆయన అంత హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు. పొద్దున ఛీ అన్న ట్యూబులు కాస్తా ‘మానవాళి ఆస్తి’ అయిపోయాయి. డైరెక్టరు పొద్దునా తలూపాడు, ఇప్పుడూ ఊపాడు. అది తలో, గాలికి తిరిగే ఫ్యానో అనుకుంది అక్క.

“ఆ గది జోలికి ఎవరూ రావడానికి వీల్లేదు. డబ్బంతా దానికే. అలాగే రాస్తున్నాను,” అని సారు మేడం వైపు చూసి తీరిగ్గా నవ్వాడు. మేడం తల వంచుకుని కూర్చుంది.

గది నిలబడింది. అయినా అక్క కోపం చల్లారలేదు. ఆయనంటే మొక్కకీ బొమ్మకీ తేడా తెలీని మనిషి. ఈవిడకేమొచ్చింది? అన్నీ తెలిసి, మాటిచ్చి మరీ ముంచబోయింది. ఉద్యోగం పోతే పోయింది, దులిపెయ్యాల్సిందేనని నేరుగా మేడం గదికి వెళ్లింది.

మేడం టీ తాగుతోంది. “రామ్మా, కూర్చో.”

“కూర్చోడానికి రాలేదండీ. మొక్కంటే ఏంటో తెలీని ఆ పెద్దమనిషికున్న పాటి జ్ఞానం కూడా మీకు లేకపోయింది. మాటిచ్చి గొంతు కొయ్యబోయారు. గది మూసెయ్యమని ఆయన కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఎందుకండీ అంతలా అడిగారు?”

మేడం కప్పు కింద పెట్టింది.

“పదేళ్లు కాపురం చేశానమ్మా ఆయనతో, నేను నోరు తెరిచి అడిగింది ఒక్కటంటే ఒక్కటి ఇచ్చిన పాపాన పోలేదు.”